నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యండి

జూన్ 3

అమ్మమ్మా,

ఫోన్ చేస్తే నువ్వు "హలో, హలో" అని అరవడం, నేను "వినపడుతోందా" అని అరవడం తప్ప మనం మాట్లాడుకున్నదేమీ లేదు. పోయినసారి నా అరుపులకి పక్కింటాయన వచ్చి తలుపు కొట్టాడు, ఎవరికైనా ఏమైనా అయిందా అని. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్క కూడా బాగానే ఉంది. ఏడో నెల కదా, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. నా పరుపు హాల్లో, వాషింగ్ మెషీన్ పక్కన. తెల్లారకుండానే అది తిరగడం మొదలుపెడుతుంది, దాంతోపాటు నేనూ వణుకుతాను. నిన్న బావ టీ తాగుతూ చాలాసేపు నీళ్ళు నమిలి, వచ్చే నెలాఖరుకి వాళ్ళమ్మగారు వస్తున్నారనీ, పురుడయ్యాక కూడా కొన్నాళ్ళు ఉంటారనీ చెప్పాడు. నన్ను పొమ్మనలేదు. పాపం, ఆ మాట అనడానికి ఆయనకి నోరు రాలేదు. కానీ నేను చిన్నపిల్లనా, అర్థం కాకపోవడానికి?

అసలు సంగతి ఇది. ఈలోగా నాకు ఉద్యోగం రావాలి. వస్తే హాస్టల్లో చోటు తీసుకుని ఇక్కడే ఉండిపోతాను. రాకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికొచ్చి, నాన్న స్నేహితుడి జిరాక్స్ కొట్లో కూర్చోవాలి. నాన్న ఆయనకి అప్పుడే మాట కూడా ఇచ్చేశాడు. నేను కోర్సు మధ్యలో మానేసిన దగ్గర్నుంచి నాన్న నాతో మాట్లాడేది ఆ జిరాక్స్ గురించే. ఊళ్ళోవాళ్ళ కాగితాలన్నీ ఒకటి రెండు చేస్తూ, ఆ మెషీన్ వెలుతురు కళ్ళల్లో కొట్టించుకుంటూ బతకడం నా వల్ల కాదు అమ్మమ్మా.

మెయిన్ రోడ్డు మీద నాలుగంతస్తుల కొట్టు ఒకటుంది. దుప్పట్లు, గిన్నెలు, కర్టెన్లు, తలుపు గొళ్ళాలు, ఇంటికి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. మనుషులు కావాలని బోర్డు పెట్టారు. వెళ్ళి ఫారం తెచ్చుకున్నాను. పేరు, చిరునామా దాకా బ్రహ్మాండంగా సాగింది. ఆ తర్వాత "గత అనుభవం" అని ఒక గడి వచ్చింది. గడి కాదు, భోజనాల బల్ల మీద గుడ్డంత ఉంది. నా అనుభవమంతా కూడగట్టి అందులో వేస్తే ఒక మూలకి కూడా రాదు. ఫోన్ కవర్ల కొట్లో మూడు రోజులు చేశాను, అంతే కదా. "ఇది వేస్తే ఫోన్ పగలదా?" అని ఒకాయన అడిగితే, "పగులుతుందండీ, నాది పగిలింది" అన్నాను. ఓనర్ నా వెనకే నిలబడి ఉన్నాడు.

దాని కింద "మీ బలాలు", "మీ బలహీనతలు", ఒక్కోదానికి మూడేసి గీతలు. బలాల్లో "ఓపిక" అని రాయమన్నాడు బావ. అక్క కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వద్దే నొప్పొస్తుంది అంటూనే నవ్వింది.

ఇంతకీ నిన్ను అడగాల్సింది ఏమిటంటే, పాత యజమాని పేరూ చిరునామా ఇవ్వాలట. రెండు వేసవి సెలవులు నీ బొత్తాల కొట్లో కూర్చున్నాను కదా. అది అనుభవం కింద వస్తుందా? చుట్టాల పేర్లు ఇవ్వకూడదని రాసి ఉంది. కానీ నువ్వు యజమానివి కూడా కదా. ఏం చెయ్యమంటావు?

నీ బొత్తాం

*

జూన్ 8

బొత్తాం,

నీ ఉత్తరం పట్టుకుని పోస్ట్‌మాన్ వచ్చేసరికి ఎదుటి కొట్టు దర్జీ ఇక్కడే ఉన్నాడు. చదివి పెడతానని చెయ్యి చాచాడు. నాకు పోయింది చెవులు, కళ్ళు కాదని చెప్పి లాక్కున్నాను.

ముందు ఆ వాషింగ్ మెషీన్ సంగతి. ఆడపిల్లని తీసుకెళ్ళి మెషీన్ పక్కన పడుకోబెడతారా? మీ అక్కకి విడిగా ఒక ఉత్తరం రాశాను. కాస్త ఘాటుగానే రాశాను. కడుపుతో ఉంది కదా అని సగంలో ఆపాను, లేకపోతే ఇంకో రెండు పేజీలు వచ్చేది.

ఇక రెండోది. "అనుభవం కింద వస్తుందా" అని అడుగుతావా? నా కొట్లో కూర్చోవడం అనుభవం కాకపోతే నేను ఇన్నేళ్ళుగా గల్లాపెట్టె ముందు ఏం చేస్తున్నట్టే, కునుకు తీస్తున్నట్టా? నిక్షేపంలా నా పేరు రాయి. సరుకు సర్దావు, అమ్మావు, నేను భోజనానికి లేచినప్పుడు కొట్టంతా నువ్వే చూశావు. జీతం కూడా ఇచ్చాను, నీకు నచ్చిన బొత్తాలు ఏరుకోమన్నాను. నీ అంతట నువ్వు ముందే తీసుకున్నది వేరే. నీలం గాజు బొత్తాలు, ఆరింటి సెట్టు, అలాంటివి మళ్ళీ నా కొట్టుకి రాలేదు. నీకు అయిదేళ్ళప్పుడు అందులో ఒకటి గుటుక్కున మింగేశావు. అయిదు బొత్తాలు ఎవరు కొంటారు? ఆ సెట్టు ఇప్పటికీ గల్లాపెట్టె కింద సొరుగులోనే పడి ఉంది. నీకు ఆ ముద్దుపేరు వచ్చింది, నాకు ఆ నష్టం మిగిలింది.

నువ్వు కొట్లో ఏం వెలగబెట్టావో కూడా గుర్తుంది. ఒకావిడ కోటు తెచ్చి, దీనికి పసుపు బొత్తాలు నప్పుతాయా అని అడిగింది. "కోటే బాగాలేదండీ, బొత్తాలేం చేస్తాయి" అన్నావు. ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా వేరే కోటు పట్టుకుని వచ్చి, "ఆ పిల్ల లేదా?" అని అడిగింది. నువ్వు లేకపోతే కూర్చుని మరీ ఎదురుచూసింది.

వ్యాపారం గురించి ఒక్కమాట చెప్తాను, శ్రద్ధగా చదువు. మంచి సరుకుని నేను చచ్చినా పొగడను. పొగిడితే కొనేవాళ్ళకి అనుమానం, ఈవిడ ఎందుకింత ఆరాటపడుతోందా అని. "ఇవి మీకెందుకులెండి, ఖరీదు, ఉతికేటప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలి, మీ వల్ల కాదు" అని డబ్బా మూత వేస్తూ ఉంటానా, వాళ్ళ చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. చివర్లో మాత్రం, "నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యండి, నేను ఉంచుకుంటాను" అంటాను. ఆ మాట ఏది పడితే దానికి అనను. నమ్మకం ఉన్న సరుక్కే అంటాను. ఇంతవరకు ఒక్కరూ తిరిగి తేలేదు. ఇస్త్రీపెట్టె తగిలితే కరిగిపోయే ప్లాస్టిక్ వాటిని మాత్రం, "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో" అని తెగ పొగిడేస్తాను. అవీ పోవాలి కదా మరి.

బలహీనతలకి మూడు గీతలే ఇచ్చారా? నీకు చాలవు. ఇంకో కాగితం అడుగు.

మీ అమ్మమ్మ, బొత్తాల కొట్టు యజమానురాలు

*

జూన్ 14

అమ్మమ్మా,

నీ ఘాటు ఉత్తరం అక్కకి ముట్టింది. చదివి ఏడ్చింది. అక్క ఏడవడం చూసి బావ కంగారుపడి అప్పటికప్పుడు వాషింగ్ మెషీన్ని వంటగదిలోకి ఈడ్చేశాడు. ఇప్పుడు వంటగది తలుపు సగమే తెరుచుకుంటోంది. ఏడో నెల మనిషి ఆ సగం తలుపులోంచి పట్టదు. అందుకని మూడు రోజులుగా బావే వంట. దయచేసి ఇంకెవరికీ ఉత్తరాలు రాయకు. నాకు రాయి చాలు.

నీ వ్యాపార రహస్యాలు పైపైన చూశాను. ఫారం ఇవ్వాల్సిన చివరి రోజు కావడంతో తర్వాత తీరిగ్గా చదువుకుందామని పక్కన పెట్టాను, ఏమీ అనుకోకు. ఫారం మాత్రం ఇచ్చేశాను. "గత అనుభవం" గడిలో పెద్దపెద్ద అక్షరాలతో "బొత్తాలు, దారాలు, లేసుల అమ్మకం, సరుకు సర్దుబాటు, యజమానురాలు లేని సమయంలో కొట్టు బాధ్యత" అని రాశాను. చూడ్డానికి నాకే భయమేసింది, ఎవరో పెద్దావిడ రాసినట్టుంది. "కష్టమైన కస్టమర్‌తో మీరు ఎలా వ్యవహరించారు?" అంటే పసుపు బొత్తాల కథ రాశాను. నేనేం అన్నానో రాయలేదు, ఆవిడ మళ్ళీ వచ్చిందన్నది మాత్రం రాశాను. "మా సంస్థలోనే ఎందుకు పని చేయాలనుకుంటున్నారు?" అంటే "మా అక్క ఇంటికి దగ్గర" అని రాశాను. అక్క తల పట్టుకుంది. పెన్నుతో కొట్టేశాక అక్కడ కొత్తది రాయడానికి చోటు మిగల్లేదు.

పాత యజమానురాలి చోట నీ పేరు, ఇంకో పెద్దమనిషి చోట మా స్కూలు లైబ్రరీ మేడమ్ పేరు ఇచ్చాను. వాళ్ళే నీకు ప్రశ్నలతో ఉత్తరం రాస్తారట. నువ్వు జవాబు పంపాక నన్ను పిలుస్తారు. ఇక్కడ నాకు ఇంకెవరూ తెలియదు అమ్మమ్మా. ఇంకో ఫారం నింపడానికి టైము కూడా లేదు. నా బతుకంతా ఇప్పుడు నీ చేతిలో ఉంది. నీ కొట్లో అన్నిటికంటే మంచి సరుకుని ఎలా అమ్ముతావో, నన్నూ అలాగే అమ్ము. అంతకంటే ఏమీ అడగను.

నీ బొత్తాం

*

జూన్ 21

బొత్తాం,

వాళ్ళ ఉత్తరం వచ్చింది. మందపాటి కవరు, పైన కొట్టు బొమ్మ. ఆ కవరు చూసి నా కొట్టుకి ఒక్కసారి గౌరవం పెరిగింది. వచ్చిన ప్రతివాళ్ళకీ కనపడేలా రెండు రోజులు గల్లాపెట్టె మీద పెట్టాను.

జవాబు రాయడానికి కొట్టు మధ్యాహ్నమే మూసేశాను. నా హయాంలో ఎప్పుడూ అలా మూసింది లేదు. ఎవరైనా పోయారేమోనని దర్జీ పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ కాగితంలో గీతలు చాలక నా బిల్లుల పుస్తకంలోంచి కాగితాలు చింపి రాశాను. నువ్వు అడిగావు కదా, అన్నిటికంటే మంచి సరుకుని అమ్మినట్టు అమ్మమని. అలాగే అమ్మాను. నా చేతిలో ఉన్న విద్యంతా అందులో పెట్టాను. ఇంత కష్టపడి నేను ఏ సరుకూ అమ్మలేదు.

దర్జీకి చూపిస్తే చదివి మొహం అదోలా పెట్టి, "ఇదేంటమ్మా, ఇలా రాశారు?" అన్నాడు. అతనికి కుట్టడం వచ్చుగానీ అమ్మడం రాదు. ఆ మాటే మొహం మీద చెప్పాను. అలిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ టీ వేళకి వచ్చాడు.

ఇది చదివాక వాళ్ళు నిన్ను తీసుకోకపోతే నా పేరు మార్చుకుంటాను. హాస్టల్లో కిటికీ పక్క మంచం అడుగు, గాలి వస్తుంది.

మీ అమ్మమ్మ

*

జూన్ 29

అమ్మమ్మకి,

నువ్వు పేరు మార్చుకోవచ్చు.

నిన్న నన్ను పిలిచారు. అక్క చీర కట్టుకుని వెళ్ళాను. మేనేజరమ్మకి యాభై ఏళ్ళుంటాయి, జుట్టు ముడిలో పెన్సిలు దోపుకుని ఉంటుంది. చిన్న గది, బల్ల నిండా చిరిగిన దిండ్లూ చెవులు ఊడిన కప్పులూ. నా ఎదురుగానే సొరుగులోంచి నీ బిల్లుల కాగితాలు తీసి, ఒక్కో ముక్కా ఆగి ఆగి పైకి చదివింది. నేను జన్మలో మర్చిపోలేను. నువ్వు ఏం రాశావో మర్చిపోయి ఉంటే, ఇదిగో:

"ఈ పిల్లని తీసుకోండని నేను చెప్పను. మీది నాలుగంతస్తుల కొట్టు, నోట్లో నాలుక లేని పిల్లలు మీకు బోలెడుమంది దొరుకుతారు. ఈమె నోరు ఊరుకోదు. బాగా లేనిదాన్ని బాగుందనమంటే అనదు. ఒకసారి చెప్పిన పని రెండోసారి చెప్పబోతే విసుక్కుంటుంది. డబ్బాలు సర్దడం మొదలుపెడితే తనకి నచ్చిన వరస కుదిరేదాకా అన్నానికి లేవదు, పిలిచి పిలిచి నా గొంతు పోయింది. లెక్క తేడా వస్తే చిన్నా పెద్దా చూడదు, నన్నే నిలబెట్టి అడిగింది. ఇలాంటి మనిషిని భరించడం కష్టం. మీకెందుకులెండి. తీసుకుంటే మాత్రం, సరిపడకపోతే తిరిగి పంపించెయ్యండి, నేను ఉంచుకుంటాను."

నాకు తల తీసేసినట్టయింది. ఆవిడ కాగితం కింద పెట్టి, "ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?" అని అడిగింది. ఉందని చెబుదామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే "లేదండీ" అని వచ్చింది. ఆవిడ పెదాలు అదోలా బిగపట్టి, "కబురు చేస్తాం" అంది. కబురు చేస్తాం అంటే ఏమిటో నాకు తెలియదా? ఫోన్ కవర్ల వాడు కూడా కబురు చేస్తానన్నాడు.

దారంతా ఏడుస్తూనే వచ్చాను. చివరి వాక్యం మాత్రం నాకు బాగా అర్థమైంది. "తిరిగి పంపించెయ్యండి, నేను ఉంచుకుంటాను." నీకు కావలసింది అదే కదా. నేను ఇక్కడ ఓడిపోయి వచ్చి, నీ కొట్లో నీ పక్కన కూర్చోవాలి, నీకు వినపడని మాటలు నీకు చెబుతూ ఉండాలి. ఆ మాట ముందే అనాల్సింది. నేను వేరే ఎవరి పేరైనా ఇచ్చుకునేదాన్ని. నువ్వు నన్ను అమ్మలేదు, పరువు తీశావు.

నాన్నకి కూడా తెలిసిపోయింది. జిరాక్స్ ఆయన నా కోసం కొత్త కుర్చీ కొన్నాడట.

ఇట్లు,
మీ మనవరాలు

*

జూలై 4

మనవరాలికి,

బొత్తాం అని రాయబోయి ఆగాను. నువ్వే ఆ పేరు పెట్టుకోనప్పుడు నేను పిలవడం ఎందుకు?

నీ ఉత్తరం కొట్లోనే చదివాను. ఎవరో వచ్చి తెల్ల దారం అడిగితే నల్ల దారం ఇచ్చానట. నువ్వు అంత మాట అన్నావని నాకు కోపం రాలేదు, బాధ కలిగింది. కోపం తర్వాత వచ్చింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

నువ్వే కదే రాశావు, అన్నిటికంటే మంచి సరుకుని అమ్మినట్టు అమ్మమని? ఆ సరుకుని ఎలా అమ్ముతానో అంతకు ముందు ఉత్తరంలోనే విప్పి చెప్పానే. పైపైన చూశావు! రెండు సెలవులు నా పక్కన కూర్చుని ఏం చూశావే నువ్వు? డబ్బా మూత వేస్తూ ఇచ్చినవి ఏమిటి, మురిసిపోతూ ఇచ్చినవి ఏమిటి? నేను రాసిన ఒక్కో తిట్టూ మళ్ళీ చదువుకో. నోరు ఊరుకోదన్నాను, అంటే కొన్నవాళ్ళని మోసం చెయ్యదని. అన్నానికి లేవదన్నాను, అంటే పట్టిన పని వదలదని. లెక్క తేడా వస్తే నన్నే నిలబెట్టిందన్నాను, ఇంతకంటే ఏం కావాలే ఒక కొట్టుకి? తిరిగి పంపించెయ్యండన్నది నిన్ను రప్పించుకోవడానికి కాదు. తిరిగి రావని నాకు నమ్మకం కాబట్టి రాశాను.

నువ్వు పక్కన లేకపోతే నాకు తోచదు, అది నిజం. కానీ నీకు అడ్డం పడేంత తోచకపోవడం కాదది.

సరే, నా విద్య అక్కడ పారలేదని ఒప్పుకుంటున్నాను. నాలుగంతస్తుల వాళ్ళకి అంతస్తు అంతస్తుకీ పొగడ్తలు కావాలి కాబోలు. అందుకని ఇవాళే వాళ్ళకి ఇంకో ఉత్తరం పోస్టు చేశాను. నువ్వు బంగారమనీ, వినయమే నీ రూపమనీ, కోపం అంటే ఏమిటో తెలియదనీ, ఎంత అరిచినా చిరునవ్వుతో నిలబడతావనీ రాశాను. రాయడానికి చెయ్యి రాలేదు. దర్జీ చెబుతుంటే కళ్ళు మూసుకుని రాశాను. ప్లాస్టిక్ బొత్తాలు అమ్మినట్టుంది. నీ గురించి అలా రాయాల్సి వచ్చినందుకు నాకు ఇంకా బాధగా ఉంది.

ఒకప్పటి నీ యజమానురాలు

*

జూలై 10

అమ్మమ్మా, అమ్మమ్మా,

ముందు నన్ను తిట్టు, తర్వాత చదువు.

నీ ఉత్తరం అందగానే మొదటిది, అదే పైపైన చూసింది, వెతికి తీశాను. బావ దాన్ని వాషింగ్ మెషీన్ కాలి కింద పెట్టాడు, ఊగకుండా. మెషీన్ ఎత్తి పట్టుకోమని బావని బతిమాలి లాగాను. వంటగది గుమ్మంలో కూర్చుని మొత్తం చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోవడానికి ఉత్తరం చాలదు, వచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్తాను, నీకు వినపడేలా.

మర్నాడే మేనేజరమ్మ పిలిపించింది. బల్ల మీద నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఆవిడ మొహం బాగాలేదు. "మొన్న ఇది చదివి నీకు ఉద్యోగం ఇద్దామని కాగితాలు కూడా సిద్ధం చేయించాను," అంది బిల్లుల కాగితాలు చూపించి. "ఇవాళ ఈ రెండోది వచ్చింది. వినయమే రూపమట. కోపమే తెలియదట. ఒక యజమానురాలు ఒకే పిల్ల గురించి ఇలా రెండు రకాలుగా రాస్తే నేను ఏది నమ్మాలి? నువ్వు దగ్గర కూర్చుని రాయించావా?"

చూశావా, నువ్వు చెప్పినట్టే అయింది. తిట్టినప్పుడు రాని అనుమానం పొగిడేసరికి వచ్చింది!

రెండోదే నిజమంటే ఒక్క రోజు కూడా నిలబెట్టుకోలేను. మొదటిది నిజమంటే, నా తప్పులన్నీ నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. అయినా మా కొట్టు మా కొట్టే కదా. "మొదటిదే నిజమండీ," అన్నాను. "మా కొట్లో మంచి సరుకుని పొగడరు. పొగిడేది కరిగిపోయే ప్లాస్టిక్‌ని. నాకు అది అర్థం కాక ఆవిడ మీద కోప్పడ్డాను. నా కోపం చూసి ఆవిడ రెండోది రాసింది. ఆవిడ చేత అబద్ధం రాయించింది నేనే."

మేనేజరమ్మ రెండో ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. "ఈవిడ నీకేమవుతారు?" అంది.

"యజమానురాలండీ."

"ఇంకా?"

"అమ్మమ్మ," అన్నాను. అయిపోయింది, చుట్టాల పేరు ఇచ్చానని దొరికిపోయాను అనుకున్నాను.

ఆవిడ జుట్టులో పెన్సిలు తీసి, మళ్ళీ దోపుకుని, అప్పుడు నవ్వింది చూడు! "అది మొదటి ఉత్తరంలోనే తెలిసింది. పరాయివాళ్ళు ఇంత శ్రద్ధగా తిట్టరు," అంది. "చుట్టం కాబట్టి ఆవిడ మాటని అనుభవం కింద రాసుకోవడం లేదులే. ఆ లైబ్రరీ మేడమ్ బాగానే రాశారు, రూలుకి అది చాలు. నా దగ్గరకి ఎన్నో ఉత్తరాలు వస్తాయి, అందరూ వజ్రాలే, అందరూ రత్నాలే. పనికిరాకపోతే తిరిగి పంపండి, నేను ఉంచుకుంటాను అని రాసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు."

ఉద్యోగం ఇచ్చేసింది అమ్మమ్మా! ఏ సీటో తెలుసా? కింది అంతస్తులో, కొన్న సరుకు నచ్చక తిరిగి తెచ్చేవాళ్ళ కౌంటర్. ఆ చిరిగిన దిండ్లూ చెవులు ఊడిన కప్పులూ అన్నీ అక్కడివేనట. అక్కడ కూర్చోబెట్టిన పిల్లలందరూ జనం గట్టిగా అడిగితే ఏడ్చి పారిపోయారట. ఇవాళే చేరాను. ఒకాయన దుప్పటి తెచ్చి ఉతక్కుండానే రంగు పోయిందన్నాడు. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "సబ్బు వాసన వస్తోందండీ," అన్నాను. మేనేజరమ్మ స్తంభం చాటునుంచి చూస్తోంది. ఆయన ముందు ఒంటికాలి మీద లేచాడు, తర్వాత ఆయనే నవ్వేసి దుప్పటి మడత పెట్టుకున్నాడు.

హాస్టల్లో కిటికీ పక్క మంచమే దొరికింది. వచ్చే వారం మారిపోతున్నాను. బావ సంతోషం దాచుకోలేక నాకు కొత్త బకెట్ కొన్నాడు. పాపం, వెళ్ళే ముందు మెషీన్ ఎప్పటిలా హాల్లో పెట్టించేస్తాను.

యూనిఫాం కోటు ఇచ్చారు. బూడిద రంగు, కాస్త వదులు. బొత్తాలు ఆరూ ప్లాస్టిక్‌వే. మొదటి రోజు కదా అని అక్క ఇస్త్రీ చేసిపెట్టింది, పైనుంచి రెండోది అప్పుడే కరిగిపోయింది. నువ్వు గుర్తొచ్చి నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. నువ్వు లేకపోతే నాకు ఏ ఉద్యోగమూ లేదు అమ్మమ్మా.

నీ బొత్తాం, నీ బొత్తాం, నీ బొత్తాం

*

జూలై 16

బొత్తాం,

ఒకసారి సంతకం పెడితే చాలు, కాగితం వృథా.

నీకు ఉద్యోగం వచ్చిందని చదివి పెద్దగా ఏమీ అనిపించలేదు. కొట్టు మూసేసి దర్జీకీ, టీ తెచ్చే అమ్మాయికీ, తెల్ల దారం బదులు నల్ల దారం పట్టుకెళ్ళినావిడకీ ఉత్తరం చదివి వినిపించాను, అంతే. దర్జీ రెండోసారి కూడా వింటానన్నాడు. తను చెప్పి రాయించిన ఉత్తరం వల్లే ఉద్యోగం పోబోయిందన్న ముక్క దగ్గర మాత్రం తల వంచుకున్నాడు. ఇక అమ్మకం గురించి నాకు ఎదురు చెప్పడు.

మీ నాన్న వచ్చాడు. సంగతి చెప్పాను. "నాలుగంతస్తులా?" అని రెండుసార్లు అడిగాడు. జిరాక్స్ ఆయనకి ఏం చెప్పాలి, కుర్చీ కూడా కొన్నాడు అంటూ కాసేపు గొణిగాడు. నిజం చెప్పు, మా పిల్లని వేరేవాళ్ళు ఎగరేసుకుపోయారని చెప్పు అన్నాను. వెళ్తూ వెళ్తూ, ఆ బిల్లుల కాగితాలు ఒకసారి జిరాక్స్ తీసి పంపించమని నీకు రాయమన్నాడు. దాచుకుంటాడట. మొహం మాత్రం పక్కకి తిప్పుకుని చెప్పాడు.

నువ్వు లేకుండా కొట్టు బోసిగానే ఉంది. ఉంటే ఉంది. నాకు వినపడని మాటలు చెప్పడానికి దర్జీ ఉన్నాడు.

దీంతోపాటు చిన్న పొట్లం పంపుతున్నాను. నీలం గాజు బొత్తాలు. అసలు నీకెందుకులే అనుకున్నాను. గాజువి, పడితే పగులుతాయి. నీలాంటి దుడుకుదాని చేతిలో ఎన్నాళ్ళు ఉంటాయి? ఆ బూడిద రంగు కోటు మీద నప్పుతాయో లేదో కూడా తెలియదు. కుట్టేటప్పుడు దారం రెండు పోగులు చెయ్యాలి, నీకు అంత ఓపిక ఎక్కడ ఏడ్చింది? పైగా అయిదే ఉన్నాయి. ఆరోది ఏమైందో నువ్వే చెప్పాలి. ఆరో చోట ఆ కరిగిన ప్లాస్టిక్‌దే ఉంచుకో, నీ పొగరు తగ్గుతుంది.

నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్యి. నేను ఇక్కడే ఉంటాను.

అమ్మమ్మ